క్వయర్ మాస్టరుకు బడి ఎక్కడ?

హౌరా స్టేషన్‌లో ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే మొట్టమొదట వచ్చే స్టేషన్ టికియాపారా. చిరునామా అడిగితే చాలామంది కలకత్తా అనేస్తారు గానీ, ఈ పేట ఉన్నది హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా నగరంలో. లోకల్ రైళ్ల కార్‌షెడ్డు, దూరప్రాంత బోగీలను కడిగి తనిఖీ చేసే యార్డు ఇక్కడి గుర్తులు. ఈ పట్టాలే ఖరగ్‌పూర్, భువనేశ్వర్, బరంపురం మీదుగా విజయనగరం చేరతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే పనుల కోసం, హుగ్లీ ఒడ్డు జూట్ మిల్లుల్లో కూలి కోసం గంజాం, విశాఖ ప్రాంతాల తెలుగువాళ్లు ఒకప్పుడు ఈ దారినే ఇటు వచ్చారు. ఖరగ్‌పూర్‌లోనైతే తెలుగు వినపడని వీధి వెతుక్కోవాలి.

ఎదురు దిశలో, అంటే కలకత్తా నుంచి తెలుగు నేలకు, క్రైస్తవ సంఘాల కోసం వచ్చినవీ తక్కువేం కాదు. హౌరాకు ఎగువన ఉన్న శ్రీరాంపూర్‌లో విలియం కేరీ బృందం 1818లో తెలుగు కొత్త నిబంధనను అచ్చు వేసింది. అదే ఏడాది అక్కడ కాలేజీ పెట్టింది. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదివిన పాస్టర్లకు ఇవాళ్టికీ పట్టా ఇచ్చేది ఆ శ్రీరాంపూర్ పేరిట ఉన్న సెనేటే. దోర్నకల్ మొదటి బిషప్, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికెక్కిన మొట్టమొదటి భారతీయుడు వి.ఎస్. అజరయ్య. ఆయనకు 1912 డిసెంబర్ 29న అభిషేకం జరిగింది కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో. ఇక హార్మోనియం సంగతి సరేసరి. పారిస్‌లో కాళ్లతో తొక్కి వాయించేలా పుట్టిన ఆ వాయిద్యాన్ని నేలమీద బాసింపట్టు వేసుకుని వాయించుకునే పెట్టెగా మలిచిన ఘనత కలకత్తాలో ద్వార్కిన్ కంపెనీ నడిపిన ద్వారకానాథ్ ఘోష్‌దని చెబుతారు.

పుస్తకం వచ్చింది, పట్టా వచ్చింది, బిషప్ వచ్చాడు, పెట్టె వచ్చింది. క్వయర్‌ను నడిపే మనిషిని తయారుచేసే బడి మాత్రం రాలేదు.

తెలుగు చర్చిలో పాటకు కొదవ ఎప్పుడూ లేదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసిన కీర్తనలు ఇప్పటికీ ఆదివారం ఆరాధనలో వినిపిస్తాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. ఆ రెండు మాటలు చూసి పాట ఎత్తుకోగలిగినవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉన్నారన్నది వేరే ప్రశ్న. మామూలుగా జరిగేది ఇది: సంఘంలో ఎవరికి గొంతు బాగుంటే, లేదా ఎవరికి కీబోర్డు మీద నాలుగు కార్డులు వస్తే, వాళ్లే క్వయర్ లీడర్. మిషన్ స్కూల్లో అయితే పీరియడ్లు తక్కువున్న టీచరమ్మ మీద ఈ బాధ్యత పడుతుంది. క్రిస్మస్‌కు మూడు వారాల ముందు ఆమెకు ఈ సంగతి తెలుస్తుంది.

పాడటం ఒక విద్య. వాయించటం మరొకటి. ముప్పై మంది చేత పాడించటం ఈ రెండింటికీ చెందని మూడో విద్య. హార్మోనియం ముందు కూర్చున్న మనిషిని ఒకసారి గమనిస్తే తేడా తెలుస్తుంది. ఒక చేయి గాలి కొడుతోంది, ఇంకో చేయి మెట్ల మీద ఉంది, చూపు కిందికి ఉంది. క్వయర్‌కు సైగ చేయడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకే వరుసలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల వెనకే తక్కినవాళ్లు నడుస్తారు. చరణం తరవాత పల్లవి ఎత్తుకునేటప్పుడు ముందు ఇద్దరు, అరక్షణం తరవాత పదిమంది, ఆ వెనక మిగతావాళ్లు. ఆకాశవాణి 1940లో హార్మోనియంను బహిష్కరించి 1971 దాకా స్టూడియో గడప తొక్కనివ్వలేదు. చర్చి మాత్రం దాన్ని ఒక్క ఆదివారం కూడా వదల్లేదు. ఆ విశ్వాసం మెచ్చుకోదగిందే గానీ, లీడర్ రెండు చేతులూ ఖాళీగా ఉండాలన్న సంగతి దాని చాటున మరుగున పడిపోయింది.

బాఖ్ పెట్టుకున్న అర్జీ

చర్చి క్వయర్‌నూ స్కూలు క్వయర్‌నూ ఒకే మనిషి నడపడం ఇవాళ పుట్టిన అవస్థ కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ బాలల క్వయర్ 1212 నుంచి ఉంది. యొహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723లో అక్కడ క్యాంటర్‌గా చేరాడు. క్యాంటర్ అంటే ఊరి చర్చిలకు సంగీతం సమకూర్చేవాడు, బడిపిల్లలకు సంగీతం నేర్పే పంతులు కూడా. లాటిన్ పాఠాలు చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. అది ఆయనకు సరిపడక, సొంత డబ్బిచ్చి మరొకరి చేత చెప్పించేవాడు.

ఏడేళ్లు ఓపిక పట్టి 1730 ఆగస్టులో నగర పాలకులకు ఒక అర్జీ రాశాడు. నాలుగు చర్చిల్లో పాడించాలి. ప్రతి క్వయర్‌కు కనీసం పన్నెండు మంది, గొంతుకు ముగ్గురు చొప్పున కావాలి. ముగ్గురెందుకంటే ఒకరికి జబ్బు చేసినా ఇద్దరు మిగులుతారు. ఇది రాసి, బడిలో ఉన్న పిల్లల లెక్క తేల్చాడు: పనికొచ్చేవాళ్లు 17 మంది, ఇంకా తయారు కావలసినవాళ్లు 20 మంది, అసలు పనికిరానివాళ్లు మరో 17 మంది. సంగీతం రాని పిల్లల్ని బడిలో చేర్చుకుంటున్నారనీ, డబ్బు చాలడం లేదనీ ఆయన గోడు. మన ఊళ్లో క్వయర్ లీడర్లు ఈ అర్జీ చదివితే కాసేపు ధైర్యం తెచ్చుకుంటారు.

యూరప్‌లో ఈ పనికి ప్రత్యేకంగా శిక్షణాలయాలు పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైనా, మరిన్ని వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. పదో పయస్ పోపు 1903లో చర్చి సంగీతం మీద ఆదేశం వెలువరించాక, రోములో పవిత్ర సంగీత విద్యాలయం 1911లో తలుపులు తెరిచింది. ఇంగ్లండ్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ ఆర్గనిస్టు సిడ్నీ నికల్సన్, చిన్న చర్చిల క్వయర్ల పాట వినలేక 1927లో ఒక సంస్థను స్థాపించి, మరుసటి ఏడాది ఆబీలో అంత గొప్ప కొలువునూ వదులుకున్నాడు. ఇవాళ అది రాయల్ స్కూల్ ఆఫ్ చర్చ్ మ్యూజిక్. పిల్లలు ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మెడలో పతకం రిబ్బను రంగు మారే పద్ధతి వీళ్లదే. అమెరికాలో జాన్ ఫిన్లీ విలియమ్సన్ అనే క్వయర్ మాస్టరు 1926లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో తన చర్చి క్వయర్ ఆధారంగానే కాలేజీ పెట్టాడు. వెస్ట్‌మిన్‌స్టర్ క్వయర్ కాలేజీగా అది తరవాత ప్రిన్స్‌టన్ చేరింది. పాస్టరుకు చదువు ఎంత అవసరమో పాట నడిపేవాడికీ అంతే అవసరమని గట్టిగా వాదించినవాడాయన.

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్‌లో ఆమోదించిన ఆరాధన పత్రంలో ఒక అధ్యాయం సంగీతానిదే. సెమినరీల్లో, బడుల్లో సంగీతం నేర్పాలనీ, నేర్పేవాళ్లకు ముందు శిక్షణ ఇవ్వాలనీ అందులో ఉంది. మరో పేరా ఇంకా ముఖ్యం: మిషన్ దేశాల ప్రజలకు తమదైన సంగీత సంప్రదాయం ఉంటే దానికి తగిన గౌరవం ఇవ్వాలి. మన దగ్గర తిరుచిరాపల్లిలోని కలై కావేరి లాంటి కళాశాలలు ఆ గాలిలో పుట్టినవే.

బేహాలా పిల్లలు

టికియాపారా నుంచి హుగ్లీ దాటి దక్షిణానికి వెళితే బేహాలా. అక్కడి బరీషాలో ఆక్స్‌ఫర్డ్ మిషన్ ఉంది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీతో సంబంధమున్న ఆంగ్లికన్ ఫాదర్లు 1880లో కలకత్తా వచ్చి మొదలుపెట్టిన సంస్థ ఇది. వీళ్ల హాస్టల్లో ఉన్నది ఎక్కువగా పేద పిల్లలు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు, అనాథలు. ఫాదర్ థియొడోర్ మాథీసన్ ఆ పిల్లల చేతికి వయొలిన్, వియోలా, చెల్లో ఇచ్చాడు. ఆయన స్వయంగా చెల్లో వాద్యకారుడు. వరండాల్లో సాధన, చాపెల్‌లో పాట, కలిపి ఒక ఆర్కెస్ట్రా. గొప్పింటి పిల్లలు ట్యూషను పెట్టించుకుని నేర్చుకునే విద్యగా పేరుపడ్డ పాశ్చాత్య సంగీతం ఇక్కడ అన్నం తిన్నంత మామూలుగా అబ్బింది.

అలా ఎదిగినవాళ్లలో అనూప్ కుమార్ బిశ్వాస్ ఒకరు. లండన్‌లో చదివి చెల్లో కళాకారుడిగా స్థిరపడిన ఆయన, 1994లో కలకత్తా శివార్లలో తన గురువు పేరిట మాథీసన్ మ్యూజిక్ స్కూల్ పెట్టారు. ఇదీ పేద కుటుంబాల పిల్లల కోసమే. మామూలు చదువు, సంగీతం రెండూ అక్కడే. నగరంలో అంతకన్నా పాత సంస్థ 1915లో ఏర్పడ్డ కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్. అయితే అక్కడ సాయంత్రం క్లాసుకు వచ్చి ఇంటికి పోతారు. బేహాలా దారి వేరు. అక్కడి పిల్లలు పొద్దునా సాయంత్రం గురువు కళ్ల ముందే ఉండేవారు.

ఈ తేడా చిన్నది కాదు. క్వయర్ మాస్టర్లు తయారైన చోటెల్లా ఇదే కనిపిస్తుంది. గోవాలో పదహారో శతాబ్దం నుంచే ప్రతి పారిష్‌కూ ఆనుకుని ఒక బడి, బడికి ఒక మెస్త్రి. చర్చిలో పాడించేదీ ఆయనే, పిల్లలకు సొల్‌ఫా, అంటే స్వరాల పేర్లతో పాడటం, నేర్పేదీ ఆయనే. ఆ బడుల్లో నొటేషన్ చదవడం వంటబట్టిన గోవా వాద్యకారులే తరవాత బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాలను నిలబెట్టారు. షిల్లాంగ్‌లో నీల్ నాంగ్‌కిన్రి లండన్ చదువు ముగించుకుని తిరిగొచ్చి, 2001లో ఛాంబర్ క్వయర్ మొదలుపెట్టి, గాయకులను తన ఇంట్లోనే ఉంచుకుని సాధన చేయించారు. 2010లో ఆ క్వయర్ టీవీ పోటీలో దేశమంతటి మీదా గెలిచాక జనం గొంతులను మెచ్చుకున్నారు. ఆ ఇంటి సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇంతకీ ఈ చదువులో నేర్పేదేమిటి? మొదటి పాఠం, పాట మొదలవడానికి ముందరి క్షణం. లీడర్ చేయి పైకి లేస్తుంది, ఆయన నోరు తెరిచి ఊపిరి తీసుకుంటాడు, క్వయర్ మొత్తం ఆయనతో పాటే ఊపిరి తీసుకుంటుంది. చేయి దిగినచోట ఎత్తుగడ. పాట వేగం, బలం, మృదుత్వం అన్నీ ఆ పైకి లేచే చేతిలోనే ఉండాలి. కొత్తవాళ్లు ‘ఒకటి, రెండు, మూడు’ అని నోటితో లెక్కపెడతారు. శిక్షణ పొందినవాళ్లకు ఆ అవసరం రాదు. ఈ ఒక్క సైగ మీదే వారాల తరబడి, అద్దం ముందు నిలబెట్టి సాధన చేయిస్తారు.

రెండోది శృతి. మన క్వయర్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పిల్లల గొంతు హాయిగా తిరిగేది దాదాపు ఒకటి శృతి షడ్జం నుంచి దాని పై గాంధారం దాకా, అంటే పది స్వరాలు. పాట కింద మంద్ర పంచమం దాకా దిగితే, ఒకటి శృతిలో ఆ స్వరం పిల్లలకు అందదు. అప్పుడు శృతిని నాలుగుకు పెంచాలి. పంచమం మళ్లీ వాళ్ల గొంతులోకి వస్తుంది, పైన నిషాదం దాకా భయం లేదు. అదే పాట షడ్జం కిందికి దిగకుండా తారస్థాయి గాంధారం అందుకునేదైతే ఒకటిలోనే ఉంచాలి. రెండు కొసలూ ఉన్న పాటైతే అది పిల్లల పాట కాదు, ఇంకొకటి ఎంచుకోవాలి. ఈ లెక్క తెలియని లీడర్ తనకు కుదిరిన శృతిలో పాడిస్తాడు. పిల్లలు పైస్థాయిలో అరుస్తారు. జనం ‘ఎంత హుషారుగా పాడారో’ అంటారు. మర్నాడు సగం మంది గొంతులు బొంగురు.

మగపిల్లల గొంతు మారే వయసు మరో చిక్కు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లాడి గొంతు ఉన్నట్టుండి జారిపోతే, చాలాచోట్ల ‘నువ్వు ఇక వద్దులే’ అని పక్కన పెట్టేస్తారు. వాడు మళ్లీ క్వయర్ ముఖం చూడడు. తెలిసిన మాస్టరు ఆ పిల్లాడికి నాలుగైదు స్వరాల్లో ఒదిగే భాగం ఇచ్చి, బలవంతం పెట్టకుండా వరుసలోనే ఉంచుతాడు. రెండేళ్లకు టెనరో బాసో అయి నిలబడతాడు. క్వయర్లలో మగ గొంతులు లేవని వాపోయే సంఘాలు ఈ రెండేళ్ల లెక్క చూసుకోవాలి.

ఆపైన సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అనే నాలుగు గొంతులను విడివిడిగా నేర్పి కలపడం, ఆగమన కాలానికి ఏ పాట, శ్రమల దినాలకు ఏ పాట, మట్టల ఆదివారం ఊరేగింపులో నడుస్తూ పాడటానికి ఏది వీలు అన్న ఎంపిక, పాస్టరుగారితో ముందే కూర్చుని వాక్యభాగం తెలుసుకోవడం. చివరిది సంగీతం కాదనిపించవచ్చు. ప్రసంగం ఒకదారి, పాట ఒకదారి పోయే ఆరాధనలు చూసినవాళ్లు అలా అనరు.

క్వయర్ మాస్టర్ల చదువు సంగతి ఎలా ఉన్నా, పాస్టర్ల చదువు హౌరాకు కొత్త కాదు. బిషప్ మిడిల్టన్ 1820లో స్థాపించిన బిషప్స్ కాలేజీ మొదట ఉన్నది టికియాపారాకు దగ్గర్లోనే, శిబ్‌పూర్‌లో. తరవాత ఆ ఆవరణలోకి ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. ఇలాంటి పాస్టర్ల కాలేజీల పాఠాల్లో ముందు వరుస వేదాంతం, గ్రీకు, హీబ్రూ, సంఘ చరిత్రలది. క్వయర్ ముందు నిలబడి చేయెత్తడం నేర్పడం వాటి ఉద్దేశం కాదు కాబట్టి వాటిని తప్పుపట్టి లాభం లేదు.

స్వరం చదవగలిగితే

పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్ రాదు కాబట్టి మనవల్ల కాదనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటకు జవాబు మిజోరంలో ఉంది. వేల్స్ మిషనరీలు అక్కడికి టానిక్ సొల్‌ఫా తీసుకెళ్లారు. ఐదు గీతలు లేవు, చుక్కలు లేవు. ద, ర, మ, ఫ అని ఒట్టి అక్షరాలు. ఇంగ్లండ్‌లో కూలీల పిల్లలకు సైతం పాట చదవడం రావాలని పందొమ్మిదో శతాబ్దంలో సారా గ్లోవర్ మొదలుపెట్టగా జాన్ కర్వెన్ ఊరూరా పాకించిన పద్ధతి ఇది. స్వరానికొక చేతి గుర్తు కూడా ఆయన పెట్టాడు. హంగరీలో సంగీతకర్త కొడాయ్ పేరుమీద నడుస్తున్న బడి సంగీతం ఆ గుర్తులనే వాడుతుంది. మిజో కీర్తనల పుస్తకంలో నాలుగు గొంతులూ ఈ అక్షరాల్లోనే అచ్చయి ఉంటాయి. పల్లెటూరి క్వయర్ కూడా వాటిని చూసి కొత్త పాట పాడేస్తుంది.

తెలుగు పిల్లలకు ఇది బొత్తిగా కొత్తేమీ కాదు. స రి గ మ అక్షరాలు, సరళీ వరసలు, తాళానికి చేతి లెక్క మనకు ముందునుంచీ ఉన్నవే. కొరత ఒక్కటే: ఒకే పాటకు రెండు మూడు గొంతులు వేర్వేరు స్వరాల్లో నడిచే పద్ధతి మన సంప్రదాయంలో లేదు. దాన్ని మన రాగాలకు అతికించే పనిలో దిగినవాడు చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్. మలయాళ సినిమా సంగీత దర్శకుడిగా ఆయన పేరు ఎక్కువగా తెలుసు. మద్రాస్ యూత్ క్వయర్ ఆయనదే. స్కూళ్లలో సామూహిక గానం కార్యక్రమం కోసం దేశమంతా తిరిగి, పిల్లలకన్నా ముందు టీచర్లకు పాట నేర్పిన మనిషి. కలకత్తాలో రుమా గుహ ఠాకుర్తా 1958లో మొదలుపెట్టిన యూత్ క్వయర్ కూడా భారతీయ పాటకు బహుగళ రూపం ఇచ్చే పనే చేసింది. ఈ రెండూ చర్చి క్వయర్లు కావు. కానీ వాళ్లు తేల్చిన విషయం చర్చికి కావలసిందే: రాగం చెడకుండా రెండో గొంతు ఎక్కడ కలపవచ్చో, ఎక్కడ కలపకూడదో.

మరి విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ పాఠం చెప్పింది పడమటి నుంచి వచ్చి మనదైపోయిన వయొలిన్‌తోనే. స్వరజ్ఞానం కావాలంటే తెలుగునాట ఆ కళాశాల లాంటివి ఉన్నాయి. చేయెత్తి నడిపించడం, గొంతులు విడదీసి కలపడం కావాలంటే కలకత్తాలో నేర్చినవాళ్లున్నారు. ఒక సంఘం సౌండ్ బాక్సుల ఖర్చులో కొంత పక్కన పెట్టి, లీడర్‌ను ఒక వేసవి అక్కడికి, ఒక వేసవి ఇక్కడికి పంపగలదు. లేదా పది సంఘాలు కలిసి ఒక టీచరును జీతమిచ్చి పెట్టుకోవచ్చు. బడుల యాజమాన్యాలకైతే ఇది ఇంకా సులువు, టైమ్‌టేబుల్లో పీరియడ్ వాళ్ల చేతిలోనే ఉంది. ముందుగా ఆ పీరియడ్‌ను డిసెంబర్ నుంచి జూన్‌కు జరపాలి.